అమ్మలూ, ఆ పచ్చ వైరు జోలికి పోకు

చిరంజీవి అమ్మలూకు పెదనాన్న ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. నువ్వు మూడో బేస్ గిటార్ కొన్నావట. ఆఫీసు స్నేహితులతో బ్యాండ్ కట్టావట. వచ్చే శనివారం బెంగళూరులో ఒక కెఫేలో మొదటి ప్రోగ్రాం, వినాయక చవితికి మీ అపార్ట్‌మెంట్ పందిట్లో రెండోది. ఇదంతా వాడు కూరగాయల ధరలు చెప్పినంత మామూలుగా చెప్పాడు. ఫోన్ పెట్టేశాక నేను చాలాసేపు వరండాలో అటూ ఇటూ తిరిగాను. మన ఇంట్లో ఆ వాయిద్యం నాతోనే ఆగిపోయిందనుకున్నాను. ఎనిమిదేళ్లప్పుడు నువ్వు నా గిటార్ పెట్టె మీద కూర్చుని, లావు తీగను బొటనవేలితో మీటి, "పెదనాన్నా, కడుపులో మోగింది" అన్నావు. నీకు గుర్తుందో లేదో. నాకు నిన్న రాత్రంతా అదే మాట వినపడుతూ ఉంది. గర్వంగా ఉంది తల్లీ. భయంగానూ ఉంది. ఫోన్‌లో చెబితే "సరే పెదనాన్నా, సరే" అని తొందరపడతావు కాబట్టి రాస్తున్నాను.

ముందు చిన్న విషయాలు. అదనంగా ఒక తీగల సెట్టు, ఒక కేబుల్ సంచిలో ఉంచుకో. నీ కొత్త గిటార్‌లో 9 వోల్టుల బ్యాటరీ ఉంటే, వాయించనప్పుడు కేబుల్ పీకెయ్యి. అది గుచ్చి ఉన్నంతసేపూ బ్యాటరీ కరుగుతూనే ఉంటుంది. భుజానికి నాలుగు వేళ్ల వెడల్పు పట్టీ వాడు, నాలుగు కిలోల బరువును రెండు గంటలు మొయ్యాలి. ఎండలో కారు డిక్కీలో పెట్టి వెళ్లిపోకు.

మూడో గిటార్ ఎందుకని మీ నాన్న అడిగాడట. నేను అడగను. ఒకటి మెట్లున్నది (మెడ మీద అడ్డంగా బిగించే సన్న లోహపు కడ్డీలే మెట్లు), ఒకటి మెట్లు లేనిది, ఒకటి అయిదు తీగలది. మూడింటికీ మూడు గొంతులు. కానీ ఫొటోలు చూసి, చేత్తో ముట్టుకోకుండా సెకండ్ హ్యాండ్‌ది తెప్పించుకున్నావని విని కోపం వచ్చింది. ఉద్యోగం చేసి సంపాదించుకున్న డబ్బు కదా, ఒక ఆదివారం వెళ్లి చూసి కొనలేకపోయావా? సరే, వచ్చేసింది కాబట్టి ఇవాళే ఒక పని చెయ్యి. గిటార్‌ను ఒళ్లో పెట్టుకుని, లావు తీగను ఎడమ చేత్తో మొదటి మెట్టు దగ్గర, కుడి చేత్తో చిట్టచివరి మెట్టు దగ్గర నొక్కిపట్టు. ఇప్పుడు ఏడో, ఎనిమిదో మెట్టు దగ్గర వంగి చూడు. తీగకూ మెట్టుకూ మధ్య విజిటింగ్ కార్డు మందం సందు ఉండాలి. సందే లేకపోతే మెడ వెనక్కి వాలింది, ఎక్కువుంటే ముందుకు వంగింది. నాలుగు తీగలూ కలిసి ఆ మెడను 70, 80 కిలోల బలంతో లాగుతుంటాయి, అందుకే లోపల ఇనప కడ్డీ పెడతారు. దాన్ని తిప్పాల్సి వస్తే పావు చుట్టు తిప్పి, ఒక రోజు ఆగి, మళ్లీ చూడు. బెంగళూరు గాలికి అలవాటుపడిన మెడ సంక్రాంతికి కాకినాడ వస్తే ఇక్కడి ఉప్పు తేమకు కదులుతుంది, అప్పుడు కంగారు పడకు. తర్వాత సన్న తీగ మీద అయిదో మెట్టు నుంచి ఏడో మెట్టు దాకా ఒక్కొక్క స్వరమూ మీటి, అది ఎంతసేపు నిలుస్తుందో విను. చాలా గిటార్లకు అక్కడే ఒక స్వరం మీటగానే చచ్చిపోతుంది. అది లోపం కాదు, ఆ కర్ర స్వభావం. ఏ స్వరమో నీకు తెలిసి ఉంటే చాలు.

మూడింటి సీరియల్ నంబర్లూ రాసిపెట్టుకో. గీతలతో, సొట్టలతో సహా ఫొటోలు తీసుకో. అమెరికాలో మోటౌన్ కంపెనీ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ అనే మహానుభావుడు తన పాటల్లో ఎక్కువ భాగం 1962 నాటి ఒకే ఒక ఫెండర్ ప్రెసిషన్ బేస్ గిటార్ మీద, కుడి చూపుడు వేలు ఒక్కదానితోనే వాయించాడు. తెగితే తప్ప తీగలు మార్చేవాడు కాదు. 1983లో ఆయన కన్నుమూయడానికి కొన్నాళ్ల ముందు ఆ గిటార్‌ను ఎవరో ఎత్తుకుపోయారు. ఆ సంగతి చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

తీగలంటే గుర్తొచ్చింది. మా రోజుల్లో బేస్ తీగలు కాకినాడలో దొరికేవి కావు. మద్రాసు వెళ్లి మౌంట్ రోడ్డులో మ్యూజీ మ్యూజికల్‌లో తెచ్చుకోవాలి. రైలు చార్జీలతో కలిపితే నా నెల జీతంలో పావు వంతు. అందుకని తీగలు మొద్దుబారినప్పుడు విప్పి, చుట్టలు చుట్టి, నీళ్లలో పది నిమిషాలు మరిగించేవాడిని. వేళ్ల జిడ్డు, మట్టి వదిలి, కొన్నాళ్లు మళ్లీ కొత్త తీగల్లా ఖంగుమనేవి. ఒకరోజు పప్పు గిన్నెలో మరిగిస్తుంటే మీ నానమ్మ చూసింది. ఆ పూట మనిషి నాతో మాట్లాడలేదు. సాయంత్రం బయటికి వెళ్లి, అడుగు మందంగా ఉన్న పాత సత్తు గిన్నె ఒకటి కొని తెచ్చి, "ఇది నీ తీగలకు. వంటింట్లో గిన్నెలు ముట్టుకోకు" అని నా గదిలో పెట్టింది. ఆ గిన్నె ఇప్పటికీ అటక మీద ఉంది. కావాలంటే నీదే.

ఇక అసలు సంగతి. ఇది మీ నాన్నకు కూడా తెలియదు.

నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. మా ఆర్కెస్ట్రాలో ఆరుగురం. నా యాంప్లిఫయర్ ఒక రేడియో మెకానిక్ కట్టి ఇచ్చిన ఇనప డబ్బా. దానికొక రోగం ఉండేది: మైకు సెట్టుతో కలపగానే స్పీకర్లోంచి ఊఁ... అని ఆగకుండా మోత. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. లావు తీగ మీద మూడో మెట్టు స్వరం సెకనుకు 49. ఆ మెట్టు నొక్కినప్పుడల్లా నా స్వరమూ కరెంటు మోతా ఒకదాన్నొకటి రాసుకుని, సెకనుకొక అల చొప్పున లేచి పడేవి. వినేవాళ్లకు నేను శ్రుతి తప్పినట్టుండేది. నాకు తల కొట్టేసినట్టుండేది.

"ప్లగ్గులో పచ్చ వైరు తీసెయ్యండి, మోత పోతుంది" అని మైకు సెట్టు కుర్రాడొకడు చెప్పాడు. ఆ మధ్యాహ్నమే మూడు పిన్నుల ప్లగ్గు విప్పాను. పైనున్న లావు పిన్ను మర వదులు చేసి, పచ్చ వైరు లాగి, రాగి పోగులు కనపడకుండా నల్ల టేపు చుట్టి, లోపలే మడిచి మూత బిగించాను. పైకి చూస్తే ఏమీ తెలియదు. సాయంత్రం యాంప్లిఫయర్ వేస్తే నిశ్శబ్దం. అందరూ మెచ్చుకున్నారు. నెల రోజులు ఆ నిశ్శబ్దంలో ఎంత ఆనందంగా వాయించానో చెప్పలేను.

తర్వాత ఒకటి రెండు ప్రోగ్రాముల్లో తీగల మీద వేళ్లు పెట్టగానే చీమలు పాకినట్టు చిమచిమలాడింది. చెమటేమో అనుకున్నాను. అమ్మలూ, ఈ వాక్యం మళ్లీ చదువు. వేళ్లు చిమచిమలాడాయి, చెమటేమో అనుకున్నాను.

ఆ ఏడు చవితికి కోనసీమలో ఒక ఊరి పందిట్లో ప్రోగ్రాం. సాయంత్రం నుంచీ ముసురు. దేవుడి పందిరి కాబట్టి అందరమూ చెప్పులు కిందే విప్పాం. నా కాళ్ల కింద ఎండు చెక్క ఉంది. మా గాయకుడు ముందు వరుసలో, వాన జల్లు పడే చోట నిలబడి పాడుతున్నాడు. బళ్లో లెక్కల మాస్టారు, నాకంటే నాలుగేళ్లు పెద్ద, నేను అన్నా అని పిలిచేవాడిని. ఆయనకొక అలవాటు. ఆఖరి పాట ముగింపులో మైకు పట్టుకునే నా దగ్గరికి వచ్చి, నా తీగల మీద అరచెయ్యి వేసి మోత ఆపేవాడు. జనం ఈలలు వేసేవారు. ఆ రాత్రీ నవ్వుతూ వచ్చాడు. చెయ్యి వేశాడు.

నవ్వు ముఖం మీదే ఆగిపోయింది. మైకు పట్టుకున్న పిడికిలి విడిపోలేదు. స్పీకర్లు ఒక్కసారి గర్జించాయి. జనం అదీ ఆటలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు. తబలా వాయించే అతను దూకి బోర్డులోంచి వైర్లన్నీ లాగేశాడు. అన్న నా కాళ్ల మీద పడ్డాడు. బతికాడు. మూడు రోజులు అమలాపురంలో ఆసుపత్రిలో ఉన్నాడు. కట్టు విప్పినప్పుడు చూశాను, అరచేతిలో నాలుగు గీతలు. లావు తీగది వెడల్పుగా, సన్న తీగది దారంలా.

జరిగింది ఏమిటంటే, గిటార్ తీగలన్నీ లోపలి వైరు ద్వారా యాంప్లిఫయర్ ఇనప డబ్బాకు కలిసి ఉంటాయి. డబ్బాలో ఎక్కడో తొడుగు చిట్లిన కరెంటు వైరు దానికి తగిలింది. పచ్చ వైరు, అంటే ఎర్త్ వైరు, ఉండి ఉంటే ఆ కరెంటు భూమిలోకి దిగేది, ఫ్యూజు పోయేది, మహా అయితే ప్రోగ్రాం ఆగిపోయేది. పచ్చ వైరు లేదు కాబట్టి కరెంటు నా తీగల్లో కాచుకుని ఉంది. మైకు భూమితో కలిసి ఉంది. మధ్యలోకి ఆయన వచ్చాడు.

ఆ రాత్రి అందరూ వానను తిట్టారు. జనరేటర్ కుర్రాణ్ని తిట్టారు, వాడికి డబ్బులు కూడా ఇవ్వలేదు. నేను నోరు విప్పలేదు. తెల్లవారాక ఎవరూ లేనప్పుడు ప్లగ్గు విప్పి, పచ్చ వైరు మళ్లీ బిగించాను. ఎన్నో ఏళ్ల తర్వాత ఆయన రిటైరైన రోజున, వాళ్ల ఇంటి అరుగు మీద కూర్చుని చెప్పేశాను. ఆయన చాలాసేపు అరచెయ్యి చూసుకుని, "ఇప్పుడు ఆ వైరు ఉందా?" అని అడిగాడు. ఉందన్నాను. ఇంకేమీ అనలేదు. జనరేటర్ కుర్రాడు ఎక్కడున్నాడో వెతికాను, దొరకలేదు.

ఇది మా పల్లెటూరి పందిళ్లలో మాత్రమే జరిగేదనుకోకు. 1972లో ఇంగ్లండు పక్కనే వేల్స్‌లో, స్వాన్సీ నగరంలో, లెస్ హార్వే అనే గిటారిస్టు ఎర్త్ సరిగా లేని మైకు ముట్టుకుని స్టేజీ మీదే ప్రాణం పోగొట్టుకున్నాడు.

కాబట్టి మోత వస్తే ఇలా చెయ్యి. ముందు కేబుల్ మార్చి చూడు. నీ యాంప్లిఫయర్‌ను, మైకు మిక్సర్‌ను ఒకే బోర్డులో పెట్టించు. వేర్వేరు గోడల నుంచి కరెంటు తీసుకుంటేనే సగం మోతలు పుడతాయి. అప్పటికీ పోకపోతే డీఐ బాక్స్ వాడు, అది గిటార్‌కూ మిక్సర్‌కూ మధ్య పెట్టే చిన్న డబ్బా. దాని మీద ఎర్త్ విడదీసే బటన్ ఉంటుంది. అది విడదీసేది పాట వెళ్లే కేబుల్ ఎర్త్‌ను, ప్లగ్గు ఎర్త్‌ను కాదు. దాన్ని నిశ్చింతగా నొక్కు. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల సాకెట్‌లో పెట్టే అడాప్టర్లు అమ్ముతారు. నేను టేపు చుట్టి చేసిన తప్పే అది, అంగట్లో కొనుక్కున్న తప్పు. నీ సంచిలో అది ఉంటే ఇప్పుడే తీసి పారెయ్యి. అపార్ట్‌మెంట్ పందిట్లో వాయించే రోజు కరెంటు పని చూసేవాళ్లను, కరెంటు పక్కదారి పట్టగానే సరఫరా ఆపేసే స్విచ్చి, 30 మిల్లీ ఆంపియర్ల దగ్గర ట్రిప్పయ్యే ఆర్‌సీసీబీ, ఉందా అని అడుగు. ఆడపిల్ల ఇవన్నీ అడుగుతోందేమిటని ఎవరైనా నవ్వితే నవ్వనీ, సమాధానం వచ్చేదాకా అక్కడినుంచి కదలకు. తీగల మీద, మైకు మీద టెస్టర్ పెట్టి చూసిన తర్వాతే వాయించు. వేళ్లు కొంచెం చిమచిమలాడినా, పాట మధ్యలో ఉన్నా, ముందు వెయ్యి మంది కూర్చున్నా, ఆపెయ్యి. పాట పోతే పోయింది.

చెవుల సంగతి కూడా చెప్పాలి. నా ఎడమ చెవిలో రాత్రిళ్లు కీచురాయి కూస్తూ ఉంటుంది, పదిహేనేళ్లు డ్రమ్స్ తాళాల పక్కన నిలబడ్డాను కనుక. 100 డెసిబెల్స్ చప్పుడును చెవి పావుగంట మించి ఓర్చుకోలేదంటారు. ఇయర్ ప్లగ్గులు పెట్టుకో. పాట వినపడదేమోనని భయపడకు, నీది కడుపులో మోగే వాయిద్యం.

బేస్ గిటారిస్టు మోహినీ డే వాయించిన వీడియో మీ నాన్నకు పంపావట, నాకూ చూపించాడు. ఆ వేళ్లకు దండం పెట్టాను. నీకూ ఆ వేగం వస్తుంది. శనివారం మాత్రం దాని గురించి ఆలోచించకు. డ్రమ్స్ వాయించే పిల్లాడి కుడి పాదం చూస్తూ నిలబడు, ఆ పాదం పడ్డప్పుడు నీ స్వరం పడాలి. ఇళయరాజా పాటల్లో బేస్ నేర్చుకోవడానికి నేను క్యాసెట్టు వెనక్కీ ముందుకూ తిప్పి టేపే అరగదీశాను. నాలుగు స్వరాలను సరైన చోట పెట్టి, మిగతా చోట ఊరుకోవడం నాకు పట్టుబడడానికి చాలా ఏళ్లు పట్టింది. నీకు అంత పట్టదు. నీ చెవి మీ నానమ్మ చెవి.

పార్సిల్‌లో ఒక టెస్టర్, నా తోలు పట్టీ పంపుతున్నాను. టెస్టర్ కొత్తది. పట్టీ పాతదే కానీ మెత్తగా ఉంటుంది, లోపలి వైపు నా చెమట మరకలు ఉన్నాయి, ఏమీ అనుకోకు.

శనివారం సాయంత్రం బయలుదేరే ముందు నీ యాంప్లిఫయర్ ప్లగ్గు విప్పి, లోపల మూడు వైర్లూ మూడు పిన్నులకు బిగించి ఉన్నట్టు ఫొటో తీసి నాకు పంపు. విప్పడం రాని అచ్చు ప్లగ్గయితే, దగ్గర్లో ఉన్న ఎలక్ట్రీషియన్‌తో మీటరు పెట్టించి, ఆ ముల్లు కనపడేలా ఫొటో తియ్యి. ప్రోగ్రాం అయ్యాక ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి. మేలుకునే ఉంటాను.

నీ
పెదనాన్న