ఫోన్ స్పీకర్ శబ్దం పెంచే ముందు అది ఎక్కడ తగ్గిందో చూసుకోండి

రెండేళ్లు వాడిన ఆండ్రాయిడ్ ఫోన్‌లో వాల్యూమ్ పూర్తిగా పెంచినా శబ్దం మునుపటిలా రావడం లేదని, పక్క గదిలో ఉంటే రింగు కూడా వినపడడం లేదని, వాల్యూమ్ పెంచే యాప్ ఏదైనా వేసుకోవచ్చా అని మీరు అడిగారు. ఆ చివరి మాట చూసే ఈ సమాధానం రాయడానికి కూర్చున్నాను. సరిగ్గా ఆ పనే నేను మా బాబాయి ఫోన్‌కు చేసి, శుభ్రం చేస్తే బాగుపడవలసిన స్పీకర్‌ను మార్పించే దాకా తెచ్చాను.

బాబాయికి తణుకు దగ్గర ఒక ఊళ్లో పిండిమర ఉంది. పగలంతా ఆయన ఫోన్ గల్లాపెట్టె మీదే ఉంటుంది. మర ఆడుతున్నంతసేపూ పక్కనున్న మనిషితో మాట్లాడాలన్నా గొంతెత్తవలసిందే కనుక, ఫోన్ మోగినట్టు ఆయనకు తెలియకపోవడం కొత్త కాదు. అయితే ఒక సంక్రాంతికి మేము వెళ్లినప్పుడు, రాత్రి మర ఆపి వసారాలో ప్రవచనం పెట్టుకున్నా మాట నూతిలోంచి వస్తున్నట్టు ఉందని చెప్పారు. చూస్తే వాల్యూమ్ గీత చివరి దాకా ఉంది. నేను మరేమీ ఆలోచించకుండా ప్లే స్టోర్‌లో దొరికిన ఒక యాప్ వేసి, రెండు వందల శాతం అని రాసి ఉన్న చోటికి జరిపాను. శబ్దం పెరిగింది, బాబాయి సంతోషించారు, పిన్ని అయితే చదువుకున్నందుకు ఇన్నాళ్లకు ఒక పని చేశావంది.

మూడు వారాలు గడిచాక బాబాయే ఫోన్ చేసి, ప్రతి మాట వెనుకా చిరిగిన డప్పు మోగినట్టు గరగర వస్తోందన్నారు. మొబైల్ రిపేరు షాపులో స్పీకర్ మార్చవలసి వచ్చింది. షాపు కుర్రవాడు పాత స్పీకర్‌ను, దాని ముందుండే జాలీని తీసి చూపిస్తే, జాలీ రంధ్రాలన్నీ పిండీ చేతి జిడ్డూ కలిసిన ముద్దతో గోడకు సున్నం పూసినట్టు మూసుకుపోయి ఉన్నాయట. అంటే స్పీకర్‌లో శబ్దం తగ్గలేదు, బయటికి వచ్చే దారి మూసుకుపోయింది. నేను ఆ దారి తెరవకుండా లోపలి స్పీకర్‌ను మరింత గట్టిగా అరిపించాను. కేవలం యాప్ వల్లే అది చెడిపోయిందని ప్రమాణం చేసి చెప్పలేను గానీ, దానికి మేలు చేయలేదని మాత్రం చెప్పగలను.

కాబట్టి మీరు మొట్టమొదట చేయవలసిన పని ఫోన్ అడుగున ఛార్జింగ్ రంధ్రం పక్కనున్న జాలీని మంచి వెలుతురులో, వీలైతే భూతద్దంతో చూడడం. మీకు పిండిమర లేకపోయినా, రెండేళ్లు ప్యాంటు జేబులోనో, చేతిసంచిలోనో తిరిగిన ఫోన్‌లో నూలుపోగులు, దుమ్ము చేరకుండా ఉండవు. ఫోన్ ఆపి, పౌచ్ తీసివేసి, జాలీ నేలవైపు ఉండేటట్టు పట్టుకుని, కొత్త మెత్తటి పళ్లబ్రష్‌తో పొడిగా, అడ్డంగా తుడవండి. జాలీని పైకి తిప్పి తుడిస్తే దుమ్ము లోపలికే పోతుంది. తరువాత సెల్లోటేపు ముక్కను అంటించి లాగితే మిగిలినదీ చాలావరకు వచ్చేస్తుంది. గుండుసూది, పిన్నీసు దగ్గరికి కూడా రానివ్వకండి. లోపలి పొరకు చిల్లు పడుతుందన్నది ఒక భయమైతే, పక్కనే ఉండే చిన్న రంధ్రం చాలా ఫోన్లలో మైకుది కావడం మరొక భయం. సూది దానిలో దిగితే మీ మాట అవతలివారికి వినపడడం మానేస్తుంది. నోటితో ఊదడం కూడా వద్దు, ఎందుకంటే ఊపిరిలోని తేమ దుమ్మును ముద్ద చేసి మరింత గట్టిగా అతికిస్తుంది. మీరు వెల్డింగ్ షాపులోనో, గ్రైండింగ్ జరిగే చోటనో పనిచేసేవారైతే స్పీకర్‌లోని అయస్కాంతం సన్నటి ఇనుపరజనును లాక్కుని పట్టుకుంటుంది. అది బ్రష్‌కు లొంగదు. అటువంటప్పుడు షాపులో విప్పించడమే మంచిది.

కొత్త స్పీకర్ వేయించిన ఏడెనిమిది నెలలకు బాబాయి ఫోన్ మళ్లీ మూగబోయింది. ఈసారి నేను యాప్ జోలికి పోకుండా పైన చెప్పినట్టు తుడిస్తే ఐదు నిమిషాల్లో శబ్దం తిరిగి వచ్చింది.

జాలీ శుభ్రంగానే ఉంటే, తగ్గినది ఏ శబ్దమో తేల్చుకోవాలి. ఆండ్రాయిడ్‌లో శబ్దానికి ఒకే గీత ఉండదు. పాటలు, వీడియోలకు మీడియా వాల్యూమ్, రింగుకు వేరే, అలారానికి వేరే, మాట్లాడేటప్పుడు వచ్చే కాల్ శబ్దానికి వేరే ఉంటాయి. ఫోన్ పక్కనున్న మీట నొక్కితే ఆ క్షణంలో ఏది నడుస్తుంటే అది పెరుగుతుంది. ఏదీ నడవకపోతే చాలా ఫోన్లలో మీడియా పెరుగుతుంది. మా పిన్ని రింగు చిన్నగా వస్తోందని ఏడాదిపాటు ఆ మీటే నొక్కుతూ వచ్చింది, పెరిగినదల్లా వీడియోల శబ్దం. మీట నొక్కగానే తెరమీద కనిపించే చిన్న పెట్టె కిందనున్న గుర్తును తాకినా, సెట్టింగ్స్‌లో సౌండ్ అనే చోటికి వెళ్లినా, అన్ని గీతలూ ఒకేసారి కనబడతాయి. కాల్ శబ్దాన్ని మాత్రం ఎవరితోనైనా మాట్లాడుతూ ఉండగా మీట నొక్కి పెంచడమే తేలిక.

కాల్‌లో అవతలివారి మాట మాత్రమే సన్నగా వస్తుంటే దోషం అడుగు స్పీకర్‌ది కాదు, తెరపైన చెవికి ఆనించే ఇయర్‌పీస్‌ది. ఇప్పటి ఫోన్లలో అది తెరకూ అంచుకూ మధ్య వెంట్రుకంత సందు. టెంపర్డ్ గ్లాసు ఒక్క మిల్లీమీటరు పైకి జరిగి అతికినా ఆ సందు సగం మూసుకుపోతుంది. గ్లాసు తీసి ఒకసారి మాట్లాడి చూస్తే సంగతి తెలిసిపోతుంది. రెండు స్పీకర్లున్న ఫోన్లలో ఈ ఇయర్‌పీసే రెండో స్పీకర్‌గా కూడా పనిచేయడం మామూలు కనుక, ఇది మూసుకుపోతే పాటల శబ్దమూ తగ్గుతుంది. చాలా శామ్‌సంగ్ ఫోన్లలో డయల్ చేసే చోట *#0*# అని, షావోమీ ఫోన్లలో *#*#6484#*#* అని కొడితే పరీక్షల తెర తెరుచుకుని, స్పీకర్లను విడివిడిగా మోగించి చూసుకునే వీలు కల్పిస్తుంది.

సెట్టింగ్స్‌లో దాగి ఉండే రెండు మూడు చిక్కులు కూడా చూడండి. యాక్సెసిబిలిటీలో ఎడమ కుడి శబ్దాలను సరిచూసే గీత ఒకటి ఉంటుంది. పిల్లల చేతిలో అది ఒక పక్కకు జరిగిపోయి ఉండవచ్చు. శామ్‌సంగ్ ఫోన్లలో వాల్యూమ్ పేజీ మూలనున్న మూడు చుక్కల వెనుక మీడియా వాల్యూమ్ లిమిట్ అని ఒకటి ఉంటుంది, అది పెట్టి ఉంటే గీత పైకి పోదు. బ్లూటూత్ ఆన్‌లో ఉండి, ఎక్కడో బీరువాలో పడి ఉన్న ఇయర్‌బడ్స్‌కు ఫోన్ కలిసిపోయి ఉంటే అసలు శబ్దమే రాదు. ఇది మా ఇంట్లో రెండుసార్లు జరిగింది.

ఇక యాప్‌ల సంగతి. వాల్యూమ్ గీత చివరికి వెళ్లిందంటే, ఫైలులో ఎంత ఎత్తు తరంగం ఉందో అంతా ఫోన్ మోగిస్తోందని అర్థం. డిజిటల్ తరంగానికి ఇంటి కప్పులాంటి హద్దు ఒకటి ఉంటుంది, అంతకు మించి పోవడానికి చోటు లేదు. మీ సినిమా పాటను రికార్డింగ్ స్టూడియోలోనే ఆ కప్పు దాకా నింపి విడుదల చేస్తారు. యాప్ దానిని మరింత పైకి నెట్టబోతే, శిఖరాలు కప్పుకు తగిలి చదునుగా తెగిపోవడమో, వాటిని అణచి మిగిలిన భాగాన్ని ఉబ్బించడమో జరుగుతుంది. మొదటి దానివల్ల మనకు వినిపించేదే ఆ గరగర. రెండో దానివల్ల స్పీకర్ తీగచుట్ట విశ్రాంతి లేకుండా వేడెక్కుతుంది. కొన్ని ఖరీదైన ఫోన్లలో స్పీకర్ వేడినీ పొర కదలికనూ గమనించి వెనక్కి లాగే ఏర్పాటు ఉంటుంది గాని, బాబాయి ఫోన్ ఆ తరగతిది కాదు.

అలాగని శబ్దం పెంచే పద్ధతి అన్నిచోట్లా పనికిరానిది కాదు. ఎవరో సభలో దూరంగా కూర్చుని ఫోన్‌తో తీసిన ప్రసంగం, పాత క్యాసెట్ నుంచి ఎక్కించిన హరికథ, వాట్సాప్‌లో గుసగుసగా వచ్చిన వాయిస్ మెసేజ్, ఇవన్నీ కప్పుకు చాలా కిందనే రికార్డయి ఉంటాయి. అక్కడ పైన ఖాళీ ఉంది కాబట్టి పెంచితే నిజంగానే లాభం ఉంటుంది. అందుకు ఫోన్ మొత్తం శబ్దాన్ని పట్టుకుని ఊపే యాప్ అక్కరలేదు. వీఎల్‌సీ ప్లేయర్‌లో ఆడియో బూస్ట్ అనేదాన్ని ఆన్ చేస్తే ఆ ఒక్క ఫైలును 200 శాతం దాకా పెంచుకోవచ్చు, మిగిలిన ఫోన్‌కు ఏమీ కాదు. ఈ పెంచే పనిముట్టును ఆండ్రాయిడ్ 2013లో వచ్చిన 4.4 వెర్షన్ నుంచే తనలో పెట్టుకుంది. ప్లే స్టోర్‌లో బూస్టర్ యాప్‌లు చాలావరకు దానికే ఒక గీత, నాలుగు ప్రకటనలు తగిలించి మనకు ఇస్తున్నాయి. కేవలం వాల్యూమ్ పెంచడానికి కాంటాక్టులు, లొకేషన్ అడిగే యాప్ కనిపిస్తే అక్కడికక్కడే తీసివేయండి.

నా అనుభవంలో యాప్ కంటే ఎక్కువ ఫలితమిచ్చింది ఈక్వలైజర్, అంటే లోతైన మోతలనూ కీచు శబ్దాలనూ విడివిడిగా పెంచి తగ్గించే గీతల వరుస. చాలా ఫోన్లలో ఇది సెట్టింగ్స్‌లోని సౌండ్ ఎఫెక్ట్స్ లేదా డాల్బీ అనే పేరు కింద దొరుకుతుంది. వేలిగోరంత స్పీకర్ డోలు, మృదంగాల లోతైన మోతను ఎలాగూ పలికించలేదు, పలికించబోయి శక్తినంతా దానికే ఖర్చుపెడుతుంది. ఆ గీతల దగ్గర హెర్ట్‌జ్ అని అంకెలుంటాయి, చిన్న అంకె లోతైన మోతది, పెద్ద అంకె కీచు శబ్దానిది. 150 హెర్ట్‌జ్ కింది గీతలను బాగా తగ్గించి, 1000 నుంచి 4000 హెర్ట్‌జ్ మధ్య ఉన్నవాటిని రెండు మూడు మెట్లు పెంచండి. మాటలోని హల్లుల స్పష్టత ఎక్కువగా ఆ మధ్య భాగంలోనే ఉంటుంది, మన చెవి కూడా ఆ భాగాన్నే బాగా పట్టుకుంటుంది. పాట కొంచెం పలుచబడిందని అనిపిస్తుంది గాని, ప్రవచనంలో ప్రతి అక్షరం విడివిడిగా వినబడుతుంది. శబ్దం చాలడం లేదని మనం అనుకునేది చాలాసార్లు స్పష్టత చాలకపోవడమే.

ఫోన్ పెట్టే చోటు కూడా తేడా తెస్తుంది. మంచంమీద దుప్పటిలో పడేస్తే శబ్దాన్ని దూది తాగేస్తుంది. గోడ మూలన, గట్టి బల్లమీద, స్పీకర్ గోడవైపు తిరిగి ఉండేటట్టు పెడితే గోడలే దానిని ముందుకు తోస్తాయి. బాబాయి దీనికొక సొంత ఉపాయం కనిపెట్టారు. బియ్యం కొలిచే పాత ఇత్తడి సోలలో ఫోన్‌ను నిలువుగా దించి ప్రవచనం వింటారు. వసారా చివరి దాకా వినబడుతుంది. సోలకు తన సొంత మోత ఒకటి ఉంది కాబట్టి పాటలకు అంత బాగుండదు గాని, మాటకు ఫరవాలేదు. ఒక చిన్న బ్లూటూత్ స్పీకర్ కొనిస్తానంటే, సోల ఉండగా అదెందుకన్నారు. మీరు అలా కొంటే, ఫోన్‌లో గీత పూర్తిగా ఉన్నా స్పీకర్ చిన్నగా మోగుతున్నప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. ఫోన్ వాల్యూమూ స్పీకర్ వాల్యూమూ ఒకటిగా ముడిపడి ఉండడం వల్ల అలా జరుగుతుంది. సెట్టింగ్స్‌లోని అబౌట్ ఫోన్‌లో బిల్డ్ నంబర్‌ను ఏడుసార్లు తాకి డెవలపర్ ఆప్షన్స్ తెరిచి, డిజేబుల్ అబ్సల్యూట్ వాల్యూమ్ అనేదాన్ని ఆన్ చేస్తే రెంటినీ వేరువేరుగా పెంచుకోవచ్చు. షావోమీ ఫోన్లలో బిల్డ్ నంబర్‌కు బదులు ఓఎస్ వెర్షన్‌ను తాకాలి.

రింగు వినపడకపోవడం గురించి ఇంకొక మాట. మెత్తటి వీణ స్వరమో, లోతైన మోతలున్న సినిమా పాటో రింగ్‌టోన్‌గా పెట్టుకుంటే గోడ దాటి రాదు. పాత ల్యాండ్‌లైన్ గంటలా తెగుతూ మోగేది ఏదైనా అంతకంటే దూరం వినిపిస్తుంది. బాబాయి ఫోన్‌లో అలాంటి గంటనే పెట్టాను. మర ఆగి ఉన్నప్పుడు ఆ మోత వీధిలో ఉన్న నాకు వినిపించింది. నాలుగడుగుల దూరంలో కూర్చున్న ఆయన తల తిప్పలేదు.

అప్పుడు నాకు అసలు అనుమానం వచ్చింది. ఏలూరులో చెవి, ముక్కు, గొంతు వైద్యురాలి దగ్గరికి తీసుకువెళ్లి వినికిడి పరీక్ష చేయిస్తే, పరీక్ష కాగితం మీది గీత 4000 హెర్ట్‌జ్ దగ్గర రెండు చెవులకూ బాగా కిందికి దిగిపోయి ఉంది. ఏళ్ల తరబడి పెద్ద మోతల మధ్య పనిచేసినవారిలో మొదట దెబ్బతినేది ఆ భాగమేనని ఆవిడ చెప్పారు. నేను ఏరికోరి పెట్టిన గంట సరిగ్గా ఆయనకు వినపడని చోట మోగుతోందన్నమాట. దానిని తీసేసి మధ్యస్థంగా మోగే వేరే టోన్ పెట్టాను. ఫోన్ వచ్చినప్పుడు కెమెరా లైటు వెలిగే ఏర్పాటు కూడా ఆన్ చేశాను. ఆండ్రాయిడ్ 14 ఉన్న ఫోన్లలో ఇది యాక్సెసిబిలిటీలో ఫ్లాష్ నోటిఫికేషన్స్ అనే పేరుతో ఉంది. కొన్ని ఫోన్లలో అంతకు ముందు నుంచీ ఉంది. బాబాయి ఇప్పుడు ఫోన్‌ను గల్లాపెట్టె మీద బోర్లా పెట్టి, మర మోత తగలకుండా చెవులను కప్పే మఫ్‌లు తగిలించుకుని కూర్చుంటున్నారు.

మీ ఇంట్లో ఇంకొకరికి ఆ ఫోన్ శబ్దం బాగానే వినిపిస్తోందా, తగ్గినది కాల్‌లోనా, పాటల్లోనా, రింగులోనా, ఫోన్ ఏ మోడలు అన్నవి కింద రాయండి. ఆ మోడల్‌లో జాలీ ఏ పక్కన ఉంటుందో, ఏ సెట్టింగ్ ఏ పేరుతో ఉంటుందో చూసి చెబుతాను.