అన్నయ్య చెప్పే ఆ కథకు నాకు నవ్వు రాదు

ప్రశ్న: నాకు 41 ఏళ్ళు. 1989లో మా ఊరి ఏకోపాధ్యాయ పాఠశాలలో చేర్చారు. వెళ్ళనని మారాం చేస్తే మాస్టారు అయిదో తరగతి పిల్లల్ని పంపేవారు. వాళ్ళు కాళ్ళూ చేతులూ పట్టుకుని నన్ను వీధి వెంట మోసుకెళ్ళేవారు. ఒకరోజు దారిలోనే గౌను తడుపుకున్నాను. తర్వాత ఆ బడి నాకు నచ్చింది కూడా. కానీ మా అన్నయ్య ఇప్పటికీ ప్రతి శుభకార్యంలో ఆ కథ చెప్పి నవ్విస్తాడు. ఇప్పుడు మా అయిదేళ్ళ బాబు బడి గేటు దగ్గర ఏడిస్తే నా చేతులు వణుకుతున్నాయి, వాడిని వెనక్కి తెచ్చేస్తున్నాను. ‘మమ్మల్నీ మోసుకుపోయారు, ఏమైంది?’ అంటారు మావారు. అప్పుడు గుమ్మంలో నిలబడి చూసిన అమ్మ మీద ఈ మధ్య కోపం వస్తోంది. ఆమెను అడగనా?

జవాబు: ముందు బాబు ఏడుపును మీ ఏడుపు నుంచి విడదీద్దాం. వాడిని ఎవరూ మోసుకెళ్ళడం లేదు. వాడిది అమ్మను వదలలేని దిగులు. చాలామంది పిల్లల్లో అది కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. అయితే ఏడిస్తే ఇంటికి వెళ్ళిపోవచ్చని తెలిసిన పిల్లవాడు ఎందుకు సర్దుకుంటాడు? వెనక్కి తేవడం మానండి. అలాగని వాడి కన్నుగప్పి మాయం కావద్దు. ‘అన్నం తిని, ఆడుకున్నాక వస్తాను’ అని వాడికి తెలిసే గుర్తు చెప్పి కదలండి, ఆ వేళకు తప్పకుండా అక్కడ ఉండండి. కొన్నాళ్ళు మీవారిని దింపమనండి. మీ ముఖంలో భయం చూసినన్నాళ్ళూ లోపల ఏదో ప్రమాదం ఉందనే వాడు అనుకుంటాడు. మీరు వెళ్ళాక ఎంతసేపు ఏడుస్తున్నాడో, ఎవరి పక్కన కూర్చుంటున్నాడో టీచరును అడగండి. బడి ఉన్న రోజుల్లోనే కడుపునొప్పి, వాంతులు వస్తూ నెల దాటితే పిల్లల డాక్టరుకు చూపించండి. లోపల ఎవరైనా కొడుతున్నారేమో కూడా కనుక్కోండి.

మీవారి మాటతో మాత్రం నాకు పేచీ ఉంది. మోసిన పిల్లలకు, అరుగుల మీద నుంచి చూసినవాళ్ళకు అది వేడుక. గాల్లో వేలాడిన పిల్లకు కాదు. అందరికీ జరిగింది కాబట్టి ఎవరికీ నొప్పి పుట్టలేదనడం వింత లెక్క. పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది కూడా.

మాస్టారి పరిస్థితి వేరు. అయిదు తరగతులకూ ఆయనొక్కరే. ఒకరి చేత ఎక్కాలు అప్పజెప్పించుకుంటూ మరొకరి పలక దిద్దాలి. 1987లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకం ఆపరేషన్ బ్లాక్‌బోర్డు ఇలాంటి బడులకు రెండో టీచరును ఇవ్వాలనుకుంది గానీ ప్రతి ఊరికీ వెంటనే అందలేదు. బడి వదిలి రాలేని మనిషి పెద్దపిల్లల్ని పంపారు. ఇది కారణమే, సమర్థన కాదు.

అమ్మను అడగండి. కానీ ‘ఎందుకలా వదిలేశావు?’ అంటే ఆమె తనను తాను కాపాడుకోవడంలో పడిపోతుంది, మీకు జవాబు దొరకదు. ‘నన్ను మోసుకెళ్ళాక నువ్వేం చేసేదానివి?’ అని అడగండి. ఇద్దరే ఉన్నప్పుడు, ఏ పప్పో బాగుచేస్తూనో. చెంగుతో కళ్ళు తుడుచుకుని పనికి పోయానని చెప్పవచ్చు. నీకు చదువు రాకపోతే నాలాగే అవుతావని భయపడ్డానని చెప్పవచ్చు. ‘నాకేమీ గుర్తులేదే’ అనీ అనవచ్చు. అది అబద్ధమే కానక్కరలేదు, చూసినవాళ్ళకంటే పడినవాళ్ళకే ఇలాంటివి ఎక్కువ గుర్తుంటాయి. ఆమె ఏం చెప్పినా మీ కోపం ఒక్కపూటలో పోదు. పోవాలని తొందర కూడా లేదు.

ఆ బడి తర్వాత నచ్చిందని ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. నాకు అక్కడే ఆసక్తి కలిగింది. ఏడుపు ఏ రోజు ఆగింది? పక్కన ఎవరు జరిగి చోటిచ్చారు? పలకకు దొండాకు రుద్దడం, బలపం ముక్క అరువిచ్చిన స్నేహితురాలు, రైలుపట్టా ముక్క మీద కొట్టే గంట, మీ బడిలో ఇవన్నీ ఉన్నాయో లేదో నాకు తెలియదు. ఏవి ఉన్నాయో అవి బాబుకు చెప్పండి. మోసుకెళ్ళిన కథ వాడికి ఇప్పుడే వద్దు.

మీవారు దింపుతున్నా మీ వణుకు తగ్గకపోతే సైకాలజిస్టును కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి ‘టెలీ మానస్’ ఉచిత నంబరు 14416లో తెలుగులోనూ మాట్లాడవచ్చు.

అన్నయ్యకు మాత్రం వచ్చే శుభకార్యం దాకా ఆగకుండా ఇప్పుడే ఫోను చేయండి. ‘అన్నయ్యా, ఆ కథ ఇక చెప్పకు, నాకు బాధగా ఉంటుంది’ అంటే చాలు. ‘సరదాకే కదే’ అంటాడు. ‘నీకు సరదా’ అనండి. అయినా మళ్ళీ మొదలుపెడితే, కథ మధ్యలోనే లేచి వెళ్ళిపోండి.