పాత స్కా ఆల్బమ్‌కి అదనపు పాటలు కలిపి మళ్ళీ అమ్ముతుంటే కొనాలా?

మీరు అడిగింది ఇది: 1960ల నాటి జమైకా స్కా (రెగెకి ముందు అక్కడ పుట్టిన డాన్స్ సంగీతం) ఆల్బమ్‌లు ఇప్పుడు 'ఎక్స్‌పాండెడ్ ఎడిషన్' పేరుతో రెండేసి సీడీల సెట్లుగా వస్తున్నాయి. అసలు పన్నెండు పాటలూ ఆన్‌లైన్‌లో ఊరికే దొరుకుతుంటే, అప్పట్లో పనికిరావని పక్కన పడేసిన పాటల కోసం డబ్బులు పెట్టడం దండగ కాదా?

రాక్ ఆల్బమ్‌ల సంగతైతే మీ అనుమానంలో తప్పేమీ లేదు. బ్యాండ్ వాళ్ళు నెలల తరబడి కూర్చుని ఇది ఉంచుదాం, అది తీసేద్దాం అని తేల్చాక వచ్చిన ఆల్బమ్ అది. యాభై ఏళ్ళ తర్వాత దానికి తగిలించే అదనపు పాటల్లో సగం, ఎందుకు తీసేశారో వినగానే తెలిసిపోయే రకం. స్కాలో లెక్క వేరు. అక్కడ అసలు సరుకు 45 ఆర్‌పీఎం సింగిల్, అంటే వైపుకి ఒక్కో పాట ఉండే చిన్న రికార్డు. సింగిల్స్ బాగా ఆడాక వాటిలో ఓ పన్నెండు ఏరి అట్టలో పెట్టి అమ్మితే అదే ఎల్పీ. కాబట్టి 'బోనస్' అని రాసి ఉన్నవి చాలాసార్లు అదే ఏడాది అదే మనుషులు వాయించి, జనం చేత చిందులు వేయించిన పాటలే. ఎల్పీలో చోటు చాలలేదు, అంతే.

ఎందుకలా అంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. 1950లలో జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో పేదవాళ్ళ వినోదం సౌండ్ సిస్టమ్. లారీలో బీరువాలంత స్పీకర్లు తెచ్చి ఖాళీ స్థలంలో దించి, రికార్డులు వేసి, టికెట్ పెట్టి, పక్కనే బీరు అమ్ముకునేవాళ్ళు. క్లెమెంట్ 'కాక్సన్' డాడ్, పోలీసు ఉద్యోగం మానేసి వచ్చిన డ్యూక్ రీడ్, తర్వాత ప్రిన్స్ బస్టర్, వీళ్ళ మధ్య పోటీ మామూలుగా ఉండేది కాదు. ఫలానా పాట ఎవరిదో అవతలివాడికి తెలియకూడదని రికార్డు లేబుల్ గీకేసేవాళ్ళు! వాళ్ళు వేసేది అమెరికన్ ఆర్ అండ్ బీ (రిథమ్ అండ్ బ్లూస్), అక్కడి నల్లవాళ్ళ హుషారు పాటలు. అమెరికాలో ఫ్యాషన్ మారి ఆ రకం పాటలు తగ్గిపోయేసరికి, ఊళ్ళో వాయిద్యకారులని పోగుచేసి సొంతంగా రికార్డు చేయించడం మొదలుపెట్టారు. 1962 ఆగస్టు 6న జమైకాకి స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఆ సొంత పాటలకి సొంత నడక కూడా వచ్చేసింది. మరుసటి ఏడే బ్రెంట్‌ఫర్డ్ రోడ్ 13వ నంబర్లో డాడ్ స్టూడియో వన్ తెరిచాడు.

ఆ నడక ఏమిటో తెలియాలంటే చేత్తో తాళం వేస్తూ వినండి. మీ దెబ్బ పడ్డచోట గిటార్ పడదు. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీలో 'చక్' మంటుంది, పియానో కూడా అక్కడే. మొదటిసారి విన్నప్పుడు పాట మనల్ని వెనకనుంచి తోస్తున్నట్టు అనిపిస్తుంది. రెగె అందరికీ తెలుసు, దానికి ముందు రాక్‌స్టెడీ, దానికీ ముందు స్కా.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 'ది వెయిలింగ్ వెయిలర్స్' అని 1965లో స్టూడియో వన్ ఒక ఎల్పీ తెచ్చింది. మనకి టీషర్టుల మీద కనిపించే జడల బాబ్ మార్లే కాదు, అట్ట మీద సూటు వేసుకున్న వెయిలర్స్ బృందం కుర్రాళ్ళు ముగ్గురు: మార్లే, పీటర్ టోష్, బన్నీ. స్టూడియో వాయిద్య బృందం సోల్ బ్రదర్స్ వాయించారని అట్ట మీద వేశారు గానీ, అందులో చాలా పాటలకి వాయించింది అంతకు ముందున్న బృందం, అంటే స్కాటలైట్స్ మనుషులు. 'ఇట్ హర్ట్స్ టు బీ అలోన్' పాడిన జూనియర్ బ్రెయిత్‌వెయిట్ 1964లోనే అమెరికా వెళ్ళిపోయాడు, అందుకే అట్ట మీద లేడు. అంటే అది ఒక బ్యాండ్ ఒక కాలంలో చేసిన ఆల్బమ్ కాదు, రెండేళ్ళ సింగిల్స్ కూర్పు. 1964 మొదట్లో జమైకాలో నంబర్ వన్ అయిన 'సిమ్మర్ డౌన్' కూడా దానిలోనే ఉంది. వీధి రౌడీ కుర్రాళ్ళని కాస్త తగ్గండ్రా అని చెప్పే పాట.

దీని పక్కన 'వన్ లవ్ ఎట్ స్టూడియో వన్' పెట్టి వినండి. 1991లో అమెరికాలోని హార్ట్‌బీట్ కంపెనీ రెండు సీడీల్లో 40 పాటలుగా తెచ్చింది. పేరుకి ఎక్స్‌పాండెడ్ ఎడిషన్ కాదు గానీ చేసే పని అదే. ఎల్పీ మాత్రమే వింటే వెయిలర్స్ అంటే కొన్ని స్కా హిట్లు, కొన్ని ప్రేమ పాటలు అనుకుంటాం. 40 పాటలు వరసగా వింటే ఇంకో కథ వినిపిస్తుంది. మొదటి సీడీలో 'సిమ్మర్ డౌన్' పరుగు. రెండో సీడీకి వచ్చేసరికి 'రూడ్ బాయ్', 'జైల్‌హౌస్', 'లెట్ హిమ్ గో' అంటూ అదే రౌడీ కుర్రాళ్ళ వైపు మొగ్గు. మధ్యలో ఒక బీటిల్స్ పాట, బాబ్ డిలన్ పాటను తమ మాటల్లోకి మార్చుకున్న 'రోలింగ్ స్టోన్'. 1966లో మార్లే పెళ్ళవగానే అమెరికాలోని డెలవేర్‌కి పనికి వెళ్ళిపోతే, మిగిలినవాళ్ళు పాడినవి కూడా ఉన్నాయి. పాటల వేగం మెల్లిమెల్లిగా తగ్గుతూ వచ్చి, చివరి పాట 'రాకింగ్ స్టెడీ' దగ్గర స్కా కాస్తా రాక్‌స్టెడీ అయిపోతుంది. 1966 ఎండలకి తట్టుకోలేక జనం డాన్స్ నెమ్మదించారని కింగ్‌స్టన్‌లో ఒక కథ చెప్పుకుంటారు. ఆ కథ ఎలా ఉన్నా, మార్పు మాత్రం చెవికి తెలుస్తుంది. పన్నెండు పాటల ఎల్పీకి ఆ వీలు లేదు.

అందులోనే 'వేజెస్ ఆఫ్ లవ్' రెండుసార్లు ఉంటుంది, ఒకటి రిహార్సల్, వెంటనే అసలు పాట. నేను ఎక్కువసార్లు విన్నది రిహార్సలే. గొంతులు ఒకదాని కోసం ఒకటి ఆగుతూ, సర్దుకుంటూ ఉంటాయి. కింగ్‌స్టన్‌లోని పేదల పేట ట్రెంచ్‌టౌన్‌లో జో హిగ్స్ అనే గాయకుడు ఈ పిల్లలకి శ్రుతి కలపడం నేర్పాడని చదివితే ఒక సమాచారం, ఇక్కడ ఆ నేర్చుకున్నది పనిలో వినిపిస్తుంది.

నేను మాస్టర్స్ చదవడానికి ఇంగ్లండ్‌లోని కోవెంట్రీ వచ్చి, ఉద్యోగం దొరికి ఇక్కడే ఉండిపోయాను. ఇక్కడ మన తెలుగు పిల్లలు బోలెడుమంది, కానీ ఈ ఊరికీ జమైకాకీ ఉన్న చుట్టరికం చాలామందికి తెలియదు. 1979లో జెర్రీ డామర్స్ 2 టోన్ రికార్డ్స్ అనే స్కా లేబుల్ పెట్టింది, ఆయన స్కా బ్యాండ్ స్పెషల్స్ పుట్టింది ఇక్కడే. వాళ్ళ 'ఎ మెసేజ్ టు యూ రూడీ'లో ట్రాంబోన్ వాయించింది రికో రోడ్రిగెజ్. 1967లో డాండీ లివింగ్‌స్టన్ పాడిన అసలు పాటలోనూ ఆయనే. ఆయన చదివింది కింగ్‌స్టన్‌లో నన్స్ నడిపిన ఆల్ఫా బాయ్స్ స్కూల్. అక్కడ ఆయనకి ట్రాంబోన్ చెప్పినవాడు డాన్ డ్రమండ్, స్కాటలైట్స్ డాన్ డ్రమండ్. నేను ఈ తీగ లాగే స్కాటలైట్స్ దాకా వెళ్ళాను. ముందు స్పెషల్స్ విని తర్వాత జమైకా వినడం తలకిందుల దారే, అయినా ఇంగ్లండ్‌లో చాలామంది వచ్చిన దారి అది.

స్కాటలైట్స్ పేరుతో ఆ బృందం నడిచింది పద్నాలుగు నెలలు, 1964 మధ్య నుంచి 1965 ఆగస్టు దాకా. టామీ మెకుక్, రోలాండ్ అల్ఫోన్సో, లెస్టర్ స్టెర్లింగ్, జానీ మూర్, జాకీ మిట్టూ, లాయిడ్ బ్రెవెట్, లాయిడ్ నిబ్, డ్రమండ్. ఎవరు పాడినా వెనక వీళ్ళే, ఎవరు డబ్బిస్తే వాళ్ళకి వాయించారు. 1964 నవంబర్‌లో జస్టిన్ యాప్ అనే చైనీస్ జమైకన్ నిర్మాత, డాడ్ స్టూడియోనే అద్దెకి తీసుకుని రాత్రంతా రికార్డు చేయించాడు. 'స్కా బూ-డా-బా' ఎల్పీ వెనక ఉన్నది ఆ పనే. 'కన్‌ఫ్యూషియస్', 'చైనాటౌన్' అని పేర్లు పెట్టింది యాప్ మూలాల మీద గౌరవంతో. 'రింగో' అనేది జపాన్ పాట బాణీ. 'స్కా-రా-వాన్' అమెరికా జాజ్ దిగ్గజం డ్యూక్ ఎలింగ్టన్ బృందం వాయించిన 'కారవాన్'. 'ది రీబరియల్' ఆ నెలలోనే లండన్ నుంచి తెచ్చి కింగ్‌స్టన్‌లో తిరిగి ఖననం చేసిన నల్లజాతి నాయకుడు మార్కస్ గార్వీ కోసం. ఎక్కడి ట్యూన్ అయినా ఎత్తుకొచ్చి తమ తాళంలో కూర్చోబెట్టేయడం మన పాత సినిమా సంగీత దర్శకుల సొత్తు అనుకునేవాణ్ణి, వీళ్ళేం తక్కువ తినలేదు.

'కన్‌ఫ్యూషియస్' ఒక్కటి హెడ్‌ఫోన్స్‌లో వినండి. కింద గిటార్, పియానో హుషారుగా ఎగురుతుంటాయి, పైన డ్రమండ్ ట్రాంబోన్ మాత్రం తొందరే లేకుండా, దిగులుగా నడుస్తుంది. డాన్స్ పాటలో ఆ దిగులు ఎక్కడినుంచి వచ్చిందో ఆయన జీవితం తెలిస్తే అర్థమవుతుంది. ఆయనకి మానసిక అనారోగ్యం. 1965 జనవరి మొదట్లో తనతో ఉంటున్న డాన్సర్ మార్గరీటాని చంపాడు. బెల్వ్యూ మానసిక ఆసుపత్రిలో పెట్టారు, 1969లో అక్కడే చనిపోయాడు. ఆమె గొప్ప కళాకారిణి అన్న సంగతి రీఇష్యూ పుస్తకాల్లో రెండు వాక్యాల్లో తేల్చేస్తుంటారు, అది నాకు నచ్చదు. డ్రమండ్ వాయించిన కాలమే అంత తక్కువ కాబట్టి, ఎల్పీలో లేని ఒక్క పాట చేరినా ఆ సెట్‌కి విలువ పెరుగుతుంది.

ఇంత చెప్పానని అట్ట మీద 'ఎక్స్‌పాండెడ్' అని కనిపించిందల్లా కొనకండి. చవగ్గా వస్తుందని తెప్పించుకున్న ఒక సెట్లో ఒకే పాట రెండు పేర్లతో రెండుసార్లు వచ్చింది, సగం పాటల్లో గీతలు పడ్డ రికార్డు చప్పుడు. సంవత్సరం 1962 దగ్గర ఆగిపోయే సెట్ల విషయంలో మరీ జాగ్రత్త. అప్పటిదాకా విడుదలైనవాటికి బ్రిటన్‌లో, యూరప్‌లో కాపీరైట్ తీరిపోయింది కాబట్టి ఎవరైనా వేసుకోవచ్చు, వాయించినవాళ్ళ కుటుంబాలకి పైసా వెళ్ళకపోవచ్చు. వాటిలోనూ శ్రద్ధగా చేసినవి లేకపోలేదు.

కొనేముందు నేను చూసేది ముఖ్యంగా పుస్తకం. ఏ పాట ఏ ఏడాది, ఎవరి కోసం, ఎవరు వాయించారు అని రాశారా? ఆ రోజుల్లో ఇంగ్లండ్ లేబుళ్ళ మీద పేర్లు తారుమారు కావడం మామూలే, డ్రమండ్ పాట ఇంకొకరి పేరు మీద వచ్చేసేది. ఆ చిక్కు విప్పడానికి ఎవరో కూర్చున్నారంటే టేపుల దగ్గర కూడా కూర్చునే ఉంటారు. రెండోది మోనో, అంటే అన్ని వాయిద్యాలూ ఒకే దారిలో కలిసి వచ్చే రికార్డింగ్. ఈ పాటలు మోనోలోనే పుట్టాయి, స్టీరియో చేశామని గొప్పగా రాస్తే నేను వెనక్కి తగ్గుతాను. డాడ్ కూడా 1970లలో పాత టేపుల మీద కొత్త వాయిద్యాలు చేర్చి అమ్మాడు. అందుకే 2016లో 'వెయిలింగ్ వెయిలర్స్'ని పాత అట్టతో, పాత మిక్స్‌తో మళ్ళీ తెచ్చినప్పుడు, ఒక్క బోనస్ పాట లేకపోయినా తీసుకున్నాను.

ఇక్కడ రెండు సీడీల సెట్ మామూలుగా 10 నుంచి 15 పౌండ్లు. అదే 1960ల నాటి అసలు రికార్డు మంచి స్థితిలో కావాలంటే వందల్లో మాట, పైగా అప్పటి జమైకా రికార్డుల్లో నడిమి బెజ్జం పక్కకి పోయి పాట ఊగేవి కూడా ఉంటాయి. మీరు ఇండియాలో ఉంటే పోస్టేజీ, కస్టమ్స్ కలిసి సీడీ ధరని దాటిపోవచ్చు. కాబట్టి ముందు స్ట్రీమింగ్‌లో 'వన్ లవ్ ఎట్ స్టూడియో వన్' వరసగా, షఫుల్ చేయకుండా వినండి. నచ్చితే కొనాల్సింది స్కాటలైట్స్ 'ఫౌండేషన్ స్కా', అదీ రెండు సీడీలే, అదీ హార్ట్‌బీట్ వాళ్ళదే. సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటే లోపల పుస్తకం ఉందో లేదో అమ్మేవాళ్ళని తప్పకుండా అడగండి.