విశాఖ పక్కనున్న కంబాలకొండ అడవిలో ఎన్ని చిరుతలున్నాయో మలం వెతికే కుక్కలతో తెలుసుకోవచ్చా?

అంచనా వేయవచ్చు, కానీ కుక్క మలాన్ని వెతికిపెడుతుంది అంతే. అది ఒకే చిరుతదా, వేర్వేరు చిరుతలదా అన్నది ల్యాబ్‌లో డీఎన్‌ఏ పరీక్షే తేలుస్తుంది.

మలం బయటికి వచ్చేటప్పుడు పేగు లోపలి పొర కణాలు దానికి అంటుకుంటాయి. డీఎన్‌ఏ వాటి నుంచే దొరుకుతుంది. మలంలోని వెంట్రుకలు, ఎముక ముక్కలను బట్టి జంతువు ఏం తిన్నదో, హార్మోన్లను బట్టి ఎంత ఒత్తిడిలో ఉందో తెలుస్తుంది. దాన్ని పట్టుకోనక్కర్లేదు, మత్తు సూది వేయనక్కర్లేదు. ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపించేది ఇదే. పొదల్లో మన కంటికి ఆననిది కుక్క గాలివాటున పసిగడుతుంది. విశాఖ ఉక్కపోతలో మాత్రం త్వరగా అలసిపోతుంది కాబట్టి తెల్లవారుజామునే వెతకాలి. గట్టి వాన పడితే నమూనా పాడవుతుంది.

అమెరికాలోని వాషింగ్టన్ తీరంలో టక్కర్ అనే కుక్క పడవ ముందు నిలబడి, నీటిపై తేలే కిల్లర్ వేల్ మలాన్ని పసిగట్టేది. అలా సేకరించిన నమూనాల వల్లే ఆ వేల్స్ తినే సాల్మన్ చేపల కొరతకూ, ఆ వేల్స్ గర్భాలు నిలవకపోవడానికీ సంబంధం బయటపడింది.

ఈ కుక్కలు చిరుతను తరుముతాయని చాలామంది భయపడతారు. అది పొరపాటు. జంతువుల వెంటపడే కుక్కను ఈ పనికి ఎంచుకోరు. బంతాట అంటే పిచ్చి ఉన్నదాన్నే తీసుకుంటారు: మలం దొరికిన చోట కూర్చుంటే బంతి ఇస్తారు, దానికి కావలసింది అదే.