కేస్ ఫీడర్ సర్దుబాటు: ముందు కింద చూడండి, తరువాతే మోటారు

మీ రీలోడింగ్ ప్రెస్ (తూటాలను మళ్ళీ నింపే యంత్రం) మీది ఫీడర్ 9 మి.మీ. కేసులను (తూటాల ఇత్తడి తొడుగులను) అప్పుడప్పుడు తలకిందులుగా వదులుతోందని, మరికొన్ని షెల్ ప్లేట్ (కేసులను పట్టుకుని తిరిగే పళ్ళెం) అంచుకు తగిలి పక్కకు వాలిపోతున్నాయని, మోటారు వేగం తగ్గిస్తే సరిపోతుందా అని అడిగారు. నా అనుభవంలో ఇవి రెండు వేర్వేరు లోపాలు. వీటిలో రెండోదాన్ని ముందు సరిచేయాలి. కింద ఒక్క కేసు ఇరుక్కున్నా, కేసులు దిగే గొట్టమంతా నిలిచిపోతుంది కాబట్టి తప్పు పైన కేసులు పోసే గిన్నెదేనని పొరబడతాం.

తూటా మందును అంటించే ప్రైమర్లను, ఆ మందును (పౌడర్‌ను) ప్రెస్ నుంచి పూర్తిగా తీసేసి, ఫీడర్ ప్లగ్ తీసి, ఒకే ఒక్క కేసును గొట్టంలో వేసి లీవర్‌ను చాలా నెమ్మదిగా ఆడించండి. కేసును నెట్టే స్లైడర్ తన చివరి స్థానానికి చేరేసరికి కేసు అడుగంచు షెల్ ప్లేట్ గాడిలో పూర్తిగా కూర్చోవాలి. అది వెంట్రుకవాసి బయటికి ఉన్నా ప్లేట్ తిరిగేటప్పుడు కేసు ఒరుగుతుంది. స్లైడర్ ముఖం మీద సన్నటి ఇత్తడి పొడి, కేసు పక్కన ఒకేచోట మెరిసే గీత కనబడితే రాపిడి అక్కడే ఉన్నట్టు. అయితే స్లైడర్‌ను ముట్టుకునే ముందు షెల్ ప్లేట్ బోల్టును చూడండి. అది వదులైతే ప్లేట్ ఒక పక్కకు వంగుతుంది, మరీ బిగిస్తే కుదుపుతో తిరుగుతుంది. ప్లేట్ పట్టేసేదాకా బిగించి, స్వేచ్ఛగా తిరిగేంత మాత్రమే వదులు చేయడం నాకు బాగా పనిచేసిన పద్ధతి.

ఇక తలకిందుల సంగతి. కేసు అడుగు బరువు, మూతి వైపు బోలు. పడుకుని వచ్చిన కేసు జారే చోట మూతిని క్షణకాలం ఆపే చిన్న అంచు ఉంటుంది, ఆలోగా అడుగు ముందుగా కిందికి దిగుతుంది. గిన్నెలోని ప్లేట్ వేగంగా తిరిగితే ఆ క్షణం దొరకదు, కాబట్టి ఇక్కడ మాత్రం వేగం తగ్గించడం ఉపయోగమే. కానీ ముందు కేసులను వేరుచేయండి. 19 మి.మీ. పొడవుండే 9 మి.మీ. కేసుల్లో దాదాపు 17 మి.మీ. ఉండే .380 (మరో తూటా సైజు) కేసులు కలిస్తే ఏ సర్దుబాటూ నిలవదు. పైగా 9 మి.మీ. కేసు .40 కేసులోకి, .40 కేసు .45 కేసులోకి దూరిపోతాయి. తడి లూబ్రికెంట్ పూసిన కేసులు ఆరాకే గిన్నెలో వేయండి, గిన్నెను సగానికి మించి నింపకండి.

పౌడర్‌తో పని మొదలయ్యాక కేసు ఇరుక్కుంటే, దాన్ని వదిలించడానికి లీవర్‌ను వెనక్కీ ముందుకీ ఆడించవద్దని గట్టిగా చెబుతున్నాను. అలా చేస్తే ఒకే కేసులో పౌడర్ రెండుసార్లు పడే ప్రమాదం ఉంది. షెల్ ప్లేట్ మీది కేసులన్నీ తీసి, లోపల చూసి, మళ్ళీ మొదలుపెట్టండి.

గొట్టం నిండినా మోటారు ఆగకపోతే క్లచ్ జోలికి పోకముందు మైక్రోస్విచ్ మీట వంగిందేమో చూడండి. కేసు దాన్ని తాకి నొక్కేలా కొద్దిగా వంచితే చాలు.