క్లబ్బులో స్కూబా డైవింగ్ బృందాన్ని ఎలా మొదలుపెట్టాలి?

విశాఖపట్నంలోని మీ క్లబ్బులో ఈతకొలను ఉందని, ఆసక్తి ఉన్న సభ్యులూ ఉన్నారని, స్కూబా (సిలిండర్ గాలి పీలుస్తూ నీటి అడుగున ఈదే) బృందాన్ని ఎక్కడ నుంచి మొదలుపెట్టాలని అడిగారు. సిలిండర్లు, వాటి నుంచి నోటికి గాలి అందించే రెగ్యులేటర్లు కొనే ఆలోచనను మొదటి ఏడాది పక్కన పెట్టి, పాడీ లేదా ఎస్ఎస్ఐ అనే అంతర్జాతీయ డైవింగ్ శిక్షణ సంస్థల గుర్తింపు ఉన్న శిక్షకుడితో ఒప్పందం చేసుకోండి. ఆస్తమా, గుండె, చెవి సమస్యలు ఉన్నవారికి వైద్యుడి అనుమతి తప్పనిసరి అని బృందం నియమావళిలోనే రాసుకోవాలి. ఈ విషయంలో మొహమాటం పనికిరాదు.

10 మీటర్ల లోతులో ఒత్తిడి ఉపరితలంతో పోలిస్తే రెట్టింపవుతుంది కనుక, ముక్కు మూసుకుని మెల్లగా ఊది చెవులను సర్దుకోవడం, మాస్కులో నీరు చేరితే తల కాస్త పైకెత్తి ముక్కుతో గాలి వదిలి ఖాళీ చేయడం కొలనులోనే చేతికి అలవాటు కావాలి. అన్నిటికంటే ముఖ్యంగా, నీటి అడుగున ఊపిరి బిగబట్టకూడదు. పైకి వచ్చేటప్పుడు వ్యాకోచించే గాలి ఊపిరితిత్తులను చీల్చగలదు.

ఓపెన్ వాటర్ అనే తొలి స్థాయి అర్హత వచ్చినవారికి లోతు పరిమితి 18 మీటర్లు. ఎవరూ ఒంటరిగా దిగకూడదు. సిలిండర్‌లో మిగిలిన గాలి ఒత్తిడిని చూపే గేజీ 50 బార్‌కు చేరేసరికి ఉపరితలం మీద ఉండేలా, పైకి వచ్చే దారిలో 5 మీటర్ల లోతు దగ్గర 3 నిమిషాలు ఆగేలా ప్రతి డైవ్‌నూ ముందే లెక్కవేసుకోవాలి. అండమాన్ యాత్ర పెట్టుకుంటే, వరుస డైవ్‌ల తర్వాత కనీసం 18 గంటలు గడిచాకే విమానం ఎక్కేలా టికెట్లు తీసుకోండి.