బండి నడిస్తే కిరాయి, నిలబడితే హాల్టింగ్

పోర్టుకు సరుకు చేర్చడం, అక్కడి నుంచి తెచ్చుకోవడం మీద వచ్చిన ప్రశ్నలకు ఈసారి జవాబులు. లెక్కల్లో ‘అనుకుందాం’ అన్న చోటల్లా మీ సొంత అంకెలు వేసి చూసుకోండి.

ప్రశ్న: గుంటూరు నుంచి విశాఖకూ చెన్నైకీ దూరం దాదాపు ఒకటే. లారీ కిరాయి ఎటు తక్కువగా ఉంటే అటు ఎండుమిర్చి పంపుతున్నాం. అయినా ఒక్కో కంటైనరుకు ముప్పై వేల దాకా తేడా వస్తోంది. డబ్బు ఎక్కడ పోతోంది?
– మిర్చి ఎగుమతిదారు, గుంటూరు

జవాబు: రెండు పోర్టులూ మీకు 400 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. అలాంటప్పుడు కిరాయిని నమ్ముకుని పోర్టును ఎంచుకోవడం కుక్క తోక పట్టుకుని గోదారి ఈదడమే. ముందు ఓడను చూడండి. మీ సరుకు వెళ్లే రేవుకు నేరుగా ఓడ ఉందా, కొలంబోలోనో సింగపూర్‌లోనో దించి మరో ఓడ ఎక్కిస్తారా? వారానికి ఎన్ని ఓడలు? ఒక్కటే అయితే, బండి గేట్ కట్-ఆఫ్‌కు (ఆ ఓడకు పెట్టెలు తీసుకునే ఆఖరి గడువుకు) రెండు గంటలు ఆలస్యమైనా కంటైనర్ ఏడు రోజులు యార్డులో కూర్చుంటుంది. టెర్మినల్ అద్దె, లైన్ (ఓడల కంపెనీ) తన పెట్టెకు వేసే అద్దె అంటే డిటెన్షన్, బ్యాంకు వడ్డీ కలిసి మీరు కిరాయిలో మిగిల్చిన నాలుగైదు వేలను మింగేస్తాయి.

తర్వాత చూడాల్సింది ఎంప్టీ, అంటే ఖాళీ కంటైనర్. లైన్ వాళ్లు బుకింగ్ ఇచ్చినంత మాత్రాన ఆ ఊరి యార్డులో మిర్చికి పనికొచ్చే 40 అడుగుల హైక్యూబ్ (ఎత్తు ఎక్కువున్న పెట్టె) సిద్ధంగా ఉందని కాదు. బుకింగ్ రోజే యార్డుకు ఫోన్ చేసి అడగండి.

మీ ముప్పై వేలలో పెద్ద వాటా మాత్రం స్టఫింగ్ (కంటైనరులో సరుకు నింపడం) దగ్గర పోతూ ఉండొచ్చు. టిక్కీలను (మిర్చి బస్తాలను) లారీలో పోర్టు దగ్గరి సీఎఫ్ఎస్‌కు (కంటైనర్లు నింపే, దించే గోదాముకు) పంపి అక్కడ కంటైనరులోకి ఎక్కిస్తే లారీ కిరాయి ఒకవైపుకే. కానీ హమాలీ రెండుసార్లు, సీఎఫ్ఎస్ చార్జీలు, లారీ దిగే దాకా హాల్టింగ్ (బండి నిలిపినందుకు ఇచ్చే డబ్బు) అన్నీ మీ మీదే. పైగా టిక్కీని ఎత్తి వేసిన ప్రతిసారీ కాయ పగిలి గింజ రాలుతుంది. కొనుగోలుదారు అటువైపు ధర కోసేది దానికే. కోల్డ్ స్టోరేజీ దగ్గరే స్టఫింగ్ చేస్తే ట్రైలర్‌కు రానూపోనూ కిరాయి ఇవ్వాలి. రెండు మొత్తాలూ పక్కపక్కన రాయండి. నెలకు రెండు మూడు కంటైనర్లకు మించి పంపేవాళ్లకు సాధారణంగా రెండోదే నయం. 2017 నుంచి ఆర్ఎఫ్ఐడీ ఈ-సీల్‌తో (యంత్రం చదవగల ఎలక్ట్రానిక్ సీల్‌తో) కంటైనరుకు మీరే సీల్ వేసుకునే సెల్ఫ్ సీలింగ్ ఉంది. కస్టమ్స్ దగ్గర ఒకసారి అనుమతి తీసుకుంటే ప్రతిసారీ అధికారి కోసం ఎదురుచూడక్కర్లేదు. సీల్ నంబరు, వేసిన తేదీ, సమయం, షిప్పింగ్ బిల్లు (ఎగుమతికి కస్టమ్స్‌లో వేసే పత్రం) నంబరు బండి కదలక ముందే ఎక్కించాలి. ఒక్క అంకె తప్పినా పోర్టు గేటు దగ్గర సీల్ చదివే యంత్రానికీ మీ కాగితానికీ పొంతన కుదరక బండి పక్కకు పోతుంది.

ఎంప్టీ రాగానే ఒక మనిషిని లోపలికి పంపి తలుపులు మూయించండి. చీకట్లో ఎక్కడైనా చుక్కంత వెలుగు కనిపిస్తే వెనక్కి పంపేయండి; సముద్రం మీద అక్కడి నుంచే నీళ్లు వస్తాయి. తలుపు చుట్టూ రబ్బరు, నేల చెక్కలో మేకులు, రసాయనాల వాసన కూడా చూడాలి. మిర్చిలో తేమ 11 శాతం దాటితే పగటి వేడికి ఆవిరై, రాత్రి పైకప్పుకు పట్టి చుక్కలుగా టిక్కీల మీదే పడుతుంది. లోపల క్రాఫ్ట్ పేపరు పరిచి, తేమ పీల్చే సంచులు కట్టాలి. హైక్యూబ్‌లో మిర్చి పట్టేది పద్నాలుగు టన్నుల అటూ ఇటూ. బరువు కాదు, చోటు అయిపోతుంది. అంటే టిక్కీ ఎంత గట్టిగా నొక్కి కుడితే టన్నుకు ఓడ కిరాయి అంత తగ్గుతుంది. మరీ నొక్కితే కాయ విరుగుతుంది, అదీ చూసుకోవాలి.

కట్-ఆఫ్ నుంచి వెనక్కి లెక్కపెట్టండి. 400 కిలోమీటర్లకు ట్రైలర్‌కు 12–14 గంటలు, గేటుకు 6 గంటలు, ఏదో ఒకటి చెడితే అని ఇంకో 12. స్టఫింగ్ అంతకు ముందే ముగిసిపోవాలి. మొత్తం బరువును ధ్రువీకరించే వీజీఎం ఇవ్వకపోతే పెట్టెను ఓడ ఎక్కించరు. 2016 జులై నుంచి ప్రపంచమంతా అదే నిబంధన. కాటా చీటీ తీసుకునేటప్పుడు డీజిల్ ట్యాంకు నిండుగా ఉన్నా ఖాళీగా ఉన్నా రెండు తూకాలకూ ఒకేలా ఉండాలి. ఖాళీ బండి తూకం నిండు ట్యాంకుతో వేసి, లోడు తూకం సగం ట్యాంకుతో వేస్తే మీ వీజీఎం తప్పుతుంది.

ప్రశ్న: విశాఖలో దిగిన యంత్రాల కంటైనర్ హైదరాబాద్ చేరేలోపు డెమరేజీ, డిటెన్షన్ అని రెండు బిల్లులు వచ్చాయి. రెండూ ఒకటే కాదా?
– చిన్న పరిశ్రమ యజమాని, బాలానగర్

జవాబు: కాదు. ఒకటి చోటుకు అద్దె, ఇంకొకటి పెట్టెకు అద్దె. కంటైనర్ టెర్మినల్‌లోనో సీఎఫ్ఎస్‌లోనో నిర్ణీత రోజులకు మించి ఉంటే ఆ స్థలం వాళ్లు వేసేది మొదటిది. ఓడ దిగిన రోజు నుంచి ఖాళీ పెట్టెను తిరిగి అప్పజెప్పే దాకా లైన్ లెక్కపెట్టేది రెండోది. కొన్ని లైన్లు పేర్లు తారుమారు చేసి వాడతాయి కాబట్టి బిల్లు మీద పేరు కాదు, ఏ తేదీ నుంచి ఏ తేదీకి లెక్కగట్టారో చూడండి. డిటెన్షన్ డాలర్లలో, మెట్లు మెట్లుగా పెరుగుతుంది. యంత్రాలు దించుకోవడానికి క్రేన్ దొరకక మీ ఆవరణలో నాలుగు రోజులు నిలిపినా అది నడుస్తూనే ఉంటుంది.

తగ్గించుకునే దారి ఓడ రాకముందే మొదలవుతుంది. బేరం ఆడేటప్పుడే సరఫరాదారు చేత లైన్‌ను 14 ఫ్రీ డేస్ (పెట్టెకు అద్దె పడని రోజులు) అడిగించండి. దిగిన తర్వాత అడిగితే ఎవరూ ఇవ్వరు. బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతికి కస్టమ్స్‌లో వేసే పత్రం) ఓడ చేరే ముందు రోజుకే వేయాలి. ఆలస్యమైతే మొదటి మూడు రోజులు రోజుకు రూ.5,000, ఆ తర్వాత రోజుకు రూ.10,000. ఒరిజినల్ పత్రాలు బ్యాంకులో చిక్కుకోవడం మామూలే కాబట్టి స్కానింగ్ కాపీతోనే మీ ఏజెంటు పని మొదలుపెట్టాలి.

సనత్‌నగర్ ఐసీడీ (కస్టమ్స్ ఉండే లోతట్టు కంటైనర్ డిపో) దాకా రైల్లో తెప్పిస్తే కస్టమ్స్ మీ ఊళ్లోనే. అయితే ఒక కంటైనర్ రైలుకు 45 వ్యాగన్లు, అంటే 20 అడుగుల పెట్టెలు 90. అన్ని పెట్టెలు పోగయ్యేదాకా మీది పోర్టులో ఎదురుచూస్తుంది. వారంలో ఆ పోర్టు నుంచి ఎన్ని రైళ్లు బయల్దేరుతున్నాయో అడిగి, ఆ రోజులను కూడా మీ ఫ్రీ డేస్‌లో వేసుకోండి. ఖాళీ పెట్టెను హైదరాబాద్‌లోనే అప్పజెప్పవచ్చని లైన్ రాతపూర్వకంగా ఇస్తేనే లాభం. మళ్లీ విశాఖకు తోలాల్సి వస్తే మిగిలిందంతా డీజిల్‌కు పోతుంది. ఖాళీ ఇచ్చినప్పుడు తీసుకున్న రసీదు ఏడాది దాచండి.

ప్రశ్న: మనదేశంలో రవాణా, నిల్వ ఖర్చులు జీడీపీలో 14 శాతం అని ఒకచోట, 8 అని ఇంకోచోట రాస్తున్నారు. ఏది నిజం?
– డిగ్రీ విద్యార్థిని, వరంగల్

జవాబు: 13–14 శాతం చాలాకాలం చేతులు మారుతూ వచ్చిన పాత అంచనా. 2022లో జాతీయ లాజిస్టిక్స్ విధానం వచ్చాక లెక్క కట్టే పద్ధతిని సరిచేసి అధ్యయనం చేయించారు. 2021–22కు 7.8 నుంచి 8.9 శాతం మధ్య తేలింది. ఆ తర్వాతి లెక్కా 8 దగ్గరే. ఖర్చు రాత్రికి రాత్రి సగమైందనుకోకండి, మారింది కొలబద్ద.

ప్రశ్న: ఆరు లైన్ల రోడ్లు వచ్చాక మాకు టోల్ పెరిగింది తప్ప కిరాయి పెరగలేదు. దగ్గరి దారి వల్ల లాభమెవరికి?
– ట్రైలర్ యజమాని, గాజువాక

జవాబు: మీకే రావాలి, కానీ ట్రిప్పు లెక్కలో కాదు, నెల లెక్కలో చూస్తేనే కనిపిస్తుంది. కిస్తీ, డ్రైవర్ జీతం, ఇన్సూరెన్స్, పన్ను కలిపి నెలకు రూ.1,20,000 అనుకుందాం. బండి కదిలినా కదలకపోయినా అది కట్టాల్సిందే. నెలకు 8 ట్రిప్పులైతే ఒక్కోదాని మీద రూ.15,000 పడుతుంది, 10 ట్రిప్పులైతే రూ.12,000. రాయపూర్–విశాఖ మధ్య వేస్తున్న 464 కిలోమీటర్ల కొత్త దారి ఇప్పటి దారి కంటే 130 కిలోమీటర్ల దాకా తక్కువ. లీటరుకు 3 కిలోమీటర్లు ఇచ్చే బండికి ఒకవైపే 43 లీటర్లు మిగులుతాయి. టోల్ ఇందులో కొంత తినేస్తుంది, మొత్తం కాదు.

చిక్కు చివరి పది కిలోమీటర్లలో ఉంది. ఆనందపురం–అనకాపల్లి ఆరు లైన్ల దారి ఊళ్లోకి రాకుండా బండ్లను మళ్లించింది, మంచిదే. కానీ హైవే మీద మిగిల్చిన నాలుగు గంటలు గేటు ముందు లైన్లో పోతే రెండు ట్రిప్పులు పెరగవు. అనుమతి పత్రం, ఈ-సీల్ వివరాలు, డ్రైవర్ గుర్తింపు కార్డు సిద్ధమని ఏజెంటు చెప్పేదాకా పార్కింగ్ నుంచి కదలొద్దు. ఎగుమతి పెట్టె దించిన బండికే దిగుమతి పెట్టె ఎక్కేలా మాట్లాడుకోండి. ఖాళీగా తిరిగొచ్చే 400 కిలోమీటర్ల నష్టం ఏ రోడ్డు వేసినా పూడదు.

ప్రశ్న: మంగంపేట ముగ్గురాయి పొడిని కృష్ణపట్నం వైపు లారీలలో పంపుతున్నాం. ఓబులవారిపల్లె నుంచి రైలు మార్గం ఉంది కదా, అటు మారితే కలిసొస్తుందా?
– పల్వరైజింగ్ మిల్లు నిర్వాహకుడు, రైల్వేకోడూరు

జవాబు: పొడికి చాలాసార్లు కలిసిరాదు, రాయికి రావచ్చు. 2019లో పూర్తయిన ఓబులవారిపల్లె–వెంకటాచలం మార్గం 112 కిలోమీటర్లు. వెలిగొండల కింద 6.6 కిలోమీటర్ల సొరంగం తవ్వి వేశారు. గూడూరు, రేణిగుంట చుట్టూ తిరిగే బాధ తప్పింది. సైడింగ్ (సొంత రైలు పట్టాలు) ఉన్నవాళ్లకు, దూరం నుంచి బొగ్గు, సిమెంటు నడిపేవాళ్లకు అది వరం. మీది చిన్న దూరం. మిల్లు నుంచి గూడ్స్ షెడ్డుకు లారీ, అక్కడ దించడం, వ్యాగన్లో ఎక్కించడం, పోర్టులో మళ్లీ దించడం ఉంటాయి. ఇంత తక్కువ దూరంలో రైలు కిరాయి తక్కువైనా ఈ ఎత్తిదింపులు దాన్ని దాటిపోతాయి. జంబో బ్యాగు కొక్కేలు తెగి పొడి నేలపాలు కావడం వేరే.

ఒక బాక్స్ఎన్ రేకుకు (పైకప్పు లేని వ్యాగన్ల పూర్తి గూడ్స్ రైలుకు) 3,500 నుంచి 4,000 టన్నులు కావాలి. సరుకు పోగేయడంలో వడ్డీ పోతుందని భయపడతారు గానీ లెక్కేస్తే అది చిన్నదే. టన్ను రూ.8,000 చొప్పున 4,000 టన్నుల విలువ రూ.3.2 కోట్లు అనుకుందాం. 12 శాతం వడ్డీకి రోజుకు పదిన్నర వేలు. పది రోజుల్లో కొంచెం కొంచెంగా పోగేస్తే సగటున టన్నుకు పదమూడు రూపాయలు. అసలు దెబ్బ ఇచ్చిన గంటల్లో వ్యాగన్లు ఖాళీ కాకపోతే పడే రైల్వే డెమరేజీది. రెండు మూడు మిల్లులు కలిసి రేకు నింపగలిగి, యంత్రాలతో ఎక్కించే ఏర్పాటు ఉంటేనే దిగండి.

లారీలోనే పంపితే ఒక సంగతి. ముగ్గురాయి నీటికి నాలుగు రెట్లు బరువు. పెట్టె సగం కూడా నిండకుండానే తూకం అయిపోతుంది. 20 అడుగుల పెట్టె 27 టన్నులు మోస్తుంది కదా అని ఎక్కిస్తారు, కింద బండి మోయాలి కదా! 2018లో పెంచిన పరిమితుల ప్రకారం ముందు ఇరుసు 7, డ్రైవ్ ఇరుసు 11.5, వెనక జంట ఇరుసులు 21, మొత్తం 39.5 టన్నులు. ఖాళీ బండి 14, పెట్టె 2.3, సరుకు 27 కలిస్తే 43.3. అదే వెనక మూడు ఇరుసుల ట్రైలర్ అయితే పరిమితి 45.5, సరిపోతుంది. దాటితే జరిమానా రూ.20,000, ఆపైన ప్రతి టన్నుకూ రూ.2,000, ఎక్కువున్న సరుకు అక్కడే దించాలి. జంబో బ్యాగులు రోడ్డు పక్కన దించే క్రేన్ అర్ధరాత్రి ఎక్కడ దొరుకుతుంది?

ప్రశ్న: పోర్టు బయట లైన్లో ఉండగానే ఈ-వే బిల్లు గడువు అయిపోయింది. ఏం చేయాలి?
– లారీ యజమాని, విజయవాడ

జవాబు: ఈ-వే బిల్లు అంటే సరుకు వెంట ఉండాల్సిన జీఎస్టీ పత్రం. దాని గడువు 200 కిలోమీటర్లకు ఒక రోజు లెక్క. గడువుకు 8 గంటల ముందు నుంచి, ముగిశాక 8 గంటల లోపు పోర్టల్‌లో పొడిగించుకోవచ్చు. కారణం, బండి ఉన్న చోటు రాస్తే చాలు. డ్రైవర్ ఫోన్‌లో గడువు సమయానికి అలారం పెట్టించండి. పట్టుబడితే పన్నుకు రెట్టింపు జరిమానా. పోర్టు నుంచి ఐసీడీకి, సీఎఫ్ఎస్‌కు కస్టమ్స్ పని కోసం వెళ్లే సరుకుకు అసలీ బిల్లే అక్కర్లేదు.

ప్రశ్న: కాకినాడ నుంచి బియ్యం పంపితే ఓడ డెమరేజీ మా మీద పడింది. వర్షానికి మేమేం చేస్తాం?
– రైస్ మిల్లర్, కాకినాడ జిల్లా

జవాబు: యాంకరేజి పోర్టులో ఓడ గట్టుకు రాదు. హోప్ ఐలాండ్ చాటున లంగరు వేసుకుంటుంది. బస్తా లారీ దిగి బార్జి (సరుకు మోసే పెద్ద పడవ) ఎక్కి, అక్కడి నుంచి ఓడలోకి పోవాలి. ఏ మెట్టు ఆగినా వెనకున్నవన్నీ ఆగుతాయి. 30,000 టన్నులు రోజుకు 2,000 చొప్పున ఎక్కిస్తామని ఒప్పుకుంటే గడువు 15 రోజులు. 1,600 మాత్రమే ఎక్కితే పద్దెనిమిదిన్నర రోజులు దాటుతుంది. గడువు దాటాక ఓడను నిలిపినందుకు కట్టే డెమరేజీ రోజుకు 12,000 డాలర్లు అనుకుందాం, నలభై ఐదు వేల డాలర్లు పోయినట్టే. బార్జిలు తక్కువై పని ఆగిన గంటలూ, లారీలు రాక బార్జిలు ఆగిన గంటలూ మీ లెక్కలోకే వస్తాయి. వర్షం గంటలు మాత్రం ఒప్పందంలో ‘వెదర్ వర్కింగ్ డే’ (వాతావరణం పని చేయనిచ్చిన సమయమే లెక్క) అని ఉంటేనే తీసేస్తారు. జల్లు మొదలై హాచ్ (ఓడలో సరుకు గది మూత) మూసిన సమయం, తెరిచిన సమయం ఓడ టైమ్ షీట్‌లో పడ్డాయో లేదో మీ మనిషి రోజూ సాయంత్రం చూడాలి. తేడా ఉంటే అభ్యంతరం అందులోనే రాసి, ఆ తర్వాతే సంతకం పెట్టాలి.